వేవ్‌గైడ్‌లో కటాఫ్ కంటే పొడవైన తరంగం ఎలా పోతోంది? మైక్రోవేవ్ ల్యాబ్ సందేహం

ఈసీఈ మూడో ఏడు

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ చదువుతున్నాను. ఈ వారం ల్యాబ్‌లో ఎక్స్-బ్యాండ్ మైక్రోవేవ్ బెంచ్ మీద ఫ్రీక్వెన్సీ, గైడ్ వేవ్‌లెంగ్త్ (వేవ్‌గైడ్ అనే బోలు లోహపు గొట్టం పొడుగునా కొలిచిన తరంగం పొడవు) కొలిచే ప్రయోగం చేశాం. మైక్రోవేవ్‌లు పుట్టించే క్లైస్ట్రాన్, వెనక్కొచ్చే తరంగాన్ని పీల్చుకునే ఐసోలేటర్, అటెన్యుయేటర్, ఫ్రీక్వెన్సీ మీటర్, స్లాటెడ్ లైన్, చివర షార్ట్ ప్లేట్. మామూలు అమరికే. ఫ్రీక్వెన్సీ మీటర్ తిప్పుతూ ఉంటే 9.0 గిగాహెర్ట్జ్ దగ్గర ముల్లు ఒక్కసారి కిందికి పడింది. తర్వాత ప్రోబ్ జరుపుతూ పోతే మినిమాలు (సిగ్నల్ అతి తక్కువయ్యే చోట్లు) 7.94, 10.37, 12.80 సెం.మీ. దగ్గర దొరికాయి. పక్కపక్క మినిమాల మధ్య దూరం 2.43. దానికి రెట్టింపు గైడ్ వేవ్‌లెంగ్త్, అంటే లాంబ్డా-జి 4.86 సెం.మీ.

గైడ్ లోపలి వెడల్పు 22.86 మి.మీ. గైడ్‌లో తరంగం పోయే తీరుల్లో (మోడ్లలో) మొదటిదైన టీఈ10 మోడ్‌కి కటాఫ్ వేవ్‌లెంగ్త్ దానికి రెట్టింపు, 4.572 సెం.మీ. కటాఫ్ వేవ్‌లెంగ్త్ కంటే పొడవైన తరంగం గైడ్‌లో పోదని పుస్తకంలో రాసి ఉంది. నేను లోపల కొలిచిన పొడవేమో 4.86. దానికంటే ఎక్కువ. అయినా పోతోంది, మీటర్ చూపిస్తోంది. మా బ్యాచ్‌లో అందరికీ ఇవే రీడింగులు. వైవాలో అడిగితే ఏం చెప్పాలి?

గేట్ గురి

పోల్చాల్సింది లాంబ్డా-నాట్‌ని తమ్ముడూ, లాంబ్డా-జిని కాదు. 9.0 గిగాహెర్ట్జ్‌కి బయట గాల్లో తరంగం పొడవు 3.33 సెం.మీ. అది 4.57 కంటే తక్కువ, కాబట్టి పోతుంది. వైవాకి ఇది చాలు.

ఈసీఈ మూడో ఏడు

థాంక్స్ అన్నా. కానీ ఎందుకు పోల్చకూడదు? గైడ్ లోపల ఉన్నది లాంబ్డా-జి కదా. 3.33 అనే పొడవు లోపల నాకు ఎక్కడా దొరకలేదు.

మైక్రోవేవ్ మేడం

3.33 లోపల కూడా ఉంది బాబూ. నీ ప్రోబ్ జరిగే దిశలో లేదు, అంతే.

టీఈ10 మోడ్‌ని రెండు మామూలు సమతల తరంగాలుగా విడదీసి చూడు. రెండూ పక్క గోడల మధ్య అటూ ఇటూ తగులుతూ వంకరటింకరగా ముందుకు పోతుంటాయి. ఒకటి ఎడమకి వాలి, ఇంకొకటి కుడికి వాలి. ఏ తరంగం తన దారిలో తాను పోతున్నప్పుడు కొలిచినా పొడవు 3.33 సెం.మీ. నీ ప్రోబ్ మాత్రం గైడ్ పొడుగునా జరుగుతుంది, ఆ తరంగాల దారిలో జరగదు. ట్యాంక్ బండ్ మీద నిలబడి చూడు. అలలు గట్టుకి ఏటవాలుగా వచ్చి తగులుతుంటే, ఒక అల గట్టుని తాకిన చోటికీ తర్వాతి అల తాకిన చోటికీ మధ్య దూరం నీళ్ల మీద అలల మధ్య ఉన్న దూరం కంటే ఎక్కువ ఉంటుంది. నువ్వు కొలిచిన లాంబ్డా-జి అలాంటిదే.

ఇప్పుడు అడ్డంగా చూడు, ఒక పక్క గోడ నుంచి ఇంకో పక్క గోడకి. గోడ లోహం కాబట్టి గోడ దగ్గర విద్యుత్ క్షేత్రం సున్నా కావాలి. రెండు గోడల దగ్గరా సున్నా కావాలంటే మధ్యలో కచ్చితంగా సగం తరంగం ఇమడాలి. కాబట్టి అడ్డం దిశలో తరంగం పొడవు ఎప్పుడూ వెడల్పుకి రెట్టింపే: 4.572 సెం.మీ. ఫ్రీక్వెన్సీ ఎంత మార్చినా ఇది మారదు. నీ కటాఫ్ వేవ్‌లెంగ్త్, లాంబ్డా-సి, ఇదే. అది గైడ్ కొలత. నువ్వు పంపే తరంగంతో దానికి సంబంధం లేదు.

మూడు పొడవులూ ఒకే తరంగానివి, మూడు దిశల్లో కొలిచినవి:

1/(లాంబ్డా-నాట్)² = 1/(లాంబ్డా-జి)² + 1/(లాంబ్డా-సి)²

ఇది పైథాగరస్ సూత్రమే. లాంబ్డా-నాట్‌ని లాంబ్డా-సితో భాగిస్తే తరంగం గైడ్ అక్షంతో చేసే కోణానికి సైన్ వస్తుంది. నీ రీడింగుకి 3.331/4.572 = 0.729, కోణం సుమారు 46.8 డిగ్రీలు. ఫ్రీక్వెన్సీ తగ్గించేకొద్దీ కోణం పెరుగుతుంది. 6.557 గిగాహెర్ట్జ్‌కి చేరేసరికి 90 డిగ్రీలు. తరంగం గోడ నుంచి గోడకి నిటారుగా కొట్టుకుంటుంది తప్ప ముందుకి అంగుళం కదలదు. కటాఫ్ అంటే ఆ స్థితి.

కోణం 45 అయినప్పుడు లాంబ్డా-జి, లాంబ్డా-సి సమానం. ఈ గైడ్‌లో అది 9.27 గిగాహెర్ట్జ్ దగ్గర. అంతకంటే కింద ఏ ఫ్రీక్వెన్సీ తీసుకున్నా లాంబ్డా-జి కటాఫ్ వేవ్‌లెంగ్త్ కంటే పెద్దదే వస్తుంది. నీ బెంచ్ 9.0 మీద ఉంది కాబట్టి నీకు తేడా కనిపించింది. 9.4 మీద పెట్టి ఉంటే 4.45 వచ్చేది, ఈ ప్రశ్నే పుట్టేది కాదు.

ఎస్-బ్యాండ్

మేడం గారు చెప్పిన దానికి కొన్ని అంకెలు కలుపుతాను. రాడార్ల మీద పనిచేసి రిటైర్ అయినవాణ్ణి.

ఇదే గైడ్‌లో 7 గిగాహెర్ట్జ్ పంపితే లాంబ్డా-జి 12.2 సెం.మీ. అవుతుంది. 6.6 పంపితే దాదాపు 40 సెం.మీ. గైడ్‌కి ప్రకటించిన బ్యాండ్ 8.2 నుంచి మొదలవడానికి కారణం ఇది. కటాఫ్ 6.56 దగ్గర ఉంది కదా అని 6.7లో పని పెట్టుకోలేం. కటాఫ్‌కి దగ్గరయ్యేకొద్దీ ఫ్రీక్వెన్సీ కొంచెం కదిలినా లాంబ్డా-జి విపరీతంగా కదులుతుంది, పల్స్ రూపం చెడుతుంది. గోడల్లో నష్టం కూడా పెరుగుతుంది. తరంగం అన్నిసార్లు గోడలకి తగులుతూ ముందుకి కొంచెమే పోతుంది కాబట్టి. పైన 12.4 దగ్గర ఆపేయడానికి కారణం వేరు. 13.1 దగ్గర టీఈ20 అనే తర్వాతి మోడ్ కూడా లేస్తుంది. రెండు మోడ్లు కలిసి ప్రయాణిస్తే దేని పవర్ ఎంతో తేల్చడం కష్టం.

మన వాతావరణ శాఖ హైదరాబాద్ డాప్లర్ రాడార్ ఎస్-బ్యాండ్‌ది, తరంగం 10 సెం.మీ. ప్రాంతంలో ఉంటుంది. ఆ బ్యాండ్‌కి వాడే గైడ్ లోపలి వెడల్పు 72.14 మి.మీ., కటాఫ్ వేవ్‌లెంగ్త్ 144.3 మి.మీ. చేత్తో పట్టుకుంటే ఎక్స్-బ్యాండ్ గైడ్ దాని పక్కన పిల్లలా ఉంటుంది. ఫ్రీక్వెన్సీ తగ్గితే గొట్టం ఎందుకు పెద్దదవ్వాలో ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఏ విద్యార్థికైనా అర్థమవుతుంది. ల్యాబుల్లో ఒక ఎస్-బ్యాండ్ ముక్క ఉంచితే ఎంతో బాగుంటుంది.

బాలానగర్ వర్క్‌షాప్

నమస్తే సర్. నాకు బాలానగర్‌ల మిల్లింగ్, బ్రేజింగ్ పని. వేవ్‌గైడ్ ఫ్లాంజీలు, బెండ్లు చేస్తం. థియరీ నాకు తెల్వదు గానీ రెండు సంగతులు అడగాలె. ఒకటి, లోపల ఎత్తు 10.16 ఉంటది గదా, మీరు ఎవరూ దాని ఊసే ఎత్తలేదు. దానికి కటాఫ్‌తో సంబంధం లేదా? రెండు, కొందరు లోపల వెండి పూత అడుగుతరు. దాంతోని కటాఫ్ మారుతదా?

మైక్రోవేవ్ మేడం

టీఈ10కి ఎత్తుతో సంబంధం లేదండీ. ఆ మోడ్‌లో విద్యుత్ క్షేత్రం కింది గోడ నుంచి పై గోడకి నిలువుగా నిలబడి ఉంటుంది, ఎత్తు పొడుగునా మారదు. కాబట్టి ఎత్తు ఎంతున్నా అభ్యంతరం లేదు. ఎత్తు తగ్గిస్తే పవర్ తట్టుకునే శక్తి తగ్గుతుంది, నష్టం పెరుగుతుంది, కటాఫ్ మాత్రం కదలదు. కానీ వెడల్పులో సగం కంటే ఎత్తు పెంచితే టీఈ01 అనే ఇంకో మోడ్ టీఈ20 కంటే ముందే లేచి, వాడుకోగల బ్యాండ్ కుంచించుకుపోతుంది. ఈ గైడ్‌లో ఎత్తు 10.16 కాబట్టి టీఈ01 కటాఫ్ 14.75 గిగాహెర్ట్జ్. టీఈ20 కంటే పైనే ఉంది.

వెండి పూత నష్టం తగ్గించడానికి. 10 గిగాహెర్ట్జ్ దగ్గర కరెంటు లోహం పైపొరలో మైక్రాన్ కంటే తక్కువ లోతులోనే నడుస్తుంది, అందుకని పల్చటి పూత కూడా పనిచేస్తుంది. కటాఫ్‌ని నిర్ణయించేది వెడల్పు. మీ మిల్లింగ్‌లో వెడల్పు 0.1 మి.మీ. పెరిగితే కటాఫ్ 29 మెగాహెర్ట్జ్ దాకా కిందికి దిగుతుంది. మామూలు గైడ్‌లో అది పట్టించుకోనక్కర్లేదు, ఫిల్టర్‌లో అయితే మొత్తం పని పోతుంది.

బాలానగర్ వర్క్‌షాప్

గదే మేడం. ఫిల్టర్ డ్రాయింగ్ వస్తే వెడల్పు మీద మైక్రాన్ల లెక్క రాస్తరు. ఎందుకని ఎన్నడూ ఎవరూ చెప్పలే. ఇప్పుడు తెలిసింది.

గేట్ గురి

కటాఫ్ కింద ఫ్రీక్వెన్సీ పంపితే గోడలు పవర్ మొత్తం పీల్చేసుకుంటాయి, అందుకే అటువైపు ఏమీ రాదు. ఇలా నోట్స్‌లో రాసుకోవచ్చా?

ఎస్-బ్యాండ్

అలా రాయకండి. చాలామంది ఈ భావనతోనే ఉద్యోగాలకి వస్తారు, తర్వాత సర్క్యూట్లలో దెబ్బతింటారు.

గోడలు వంద శాతం ఆదర్శ లోహమైనా, ఒక్క మిల్లీవాట్ కూడా వేడిగా మారకపోయినా, కటాఫ్ కింద తరంగం పోదు. క్షీణతకి సూత్రం రాసి చూడండి: అందులో గైడ్ కొలత, ఫ్రీక్వెన్సీ తప్ప లోహపు వాహకత ఎక్కడా ఉండదు. పంపిన పవర్ వెనక్కి వస్తుంది. బెంచ్ మీద అయితే వెళ్లి ఐసోలేటర్‌లో పడుతుంది. గైడ్ నోటి దగ్గర క్షేత్రం ఉంటుంది, లోపలికి పోయేకొద్దీ ఘాతాంక రీతిలో పలచబడుతుంది, కానీ శక్తిని మోసుకెళ్లదు. టీఈ మోడ్ అయితే ఇండక్టర్‌లా, టీఎం మోడ్ అయితే కెపాసిటర్‌లా కనిపిస్తుంది. రెసిస్టర్‌లా మాత్రం కాదు.

లెక్క చూడండి. కటాఫ్ కంటే బాగా కిందున్న ఫ్రీక్వెన్సీకి ఒక కటాఫ్ వేవ్‌లెంగ్త్ దూరంలో 54.6 డెసిబెల్స్ తగ్గుతుంది. మన ఎక్స్-బ్యాండ్ గైడ్‌లో అది మి.మీ.కి 1.19 డెసిబెల్. 5 గిగాహెర్ట్జ్ పంపినా మి.మీ.కి 0.77 ఉంటుంది, అంటే 5 సెం.మీ. ముక్కలో 38 డెసిబెల్స్ పైమాటే. ఇది ఎంత నిక్కచ్చిగా ఉంటుందంటే, పిస్టన్ అటెన్యుయేటర్ అని దీన్నే ప్రామాణిక పరికరంగా వాడారు. గుండ్రటి గొట్టంలో, కటాఫ్‌కి బాగా కింద, ఒక వ్యాసం దూరానికి 32 డెసిబెల్స్. గొట్టం వ్యాసం కొలిస్తే చాలు, అటెన్యుయేషన్ తెలిసిపోతుంది. నష్టం మీద ఆధారపడేదైతే లోహం మారినా, తుప్పు పట్టినా విలువ మారేది. దాన్ని ఎవరూ ప్రామాణికంగా నమ్మేవారు కాదు.

ఈ సిద్ధాంతాన్ని లార్డ్ రేలీ 1897లోనే రాసి పెట్టాడు: బోలు గొట్టంలో మోడ్లు ఉంటాయని, ప్రతి మోడ్‌కీ ఒక హద్దు ఉంటుందని. అదే ఏడాది జనవరిలో మన జగదీశ్ చంద్ర బోస్ లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మిల్లీమీటర్ల తరంగాలతో ప్రయోగాలు చూపించాడు. అంత చిన్న తరంగాలు కాబట్టి ఆయన గొట్టాలు చేతిలో పట్టేంత చిన్నవి. తర్వాత రేడియో ప్రపంచం పొడవాటి తరంగాల వైపు పోయింది. వాటికి గొట్టం కట్టాలంటే ఇల్లంత కావాలి కాబట్టి ఈ సంగతి మూలన పడింది. మళ్లీ 1936లో బెల్ ల్యాబ్స్‌లో సౌత్‌వర్త్, ఎంఐటీలో బారో విడివిడిగా బయటికి తీశారు.

రేడియో శ్రోత

ఇల్లంత గొట్టం అన్నారు కాబట్టి అడుగుతున్నాను. కారులో అండర్‌పాస్ కిందికి దిగగానే ఆకాశవాణి హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్ స్టేషన్ చప్పున పోతుంది. ఎఫ్‌ఎం 101.9 మాత్రం వస్తూనే ఉంటుంది. ఇది కూడా కటాఫేనా?

ఎస్-బ్యాండ్

చాలా వరకు అదే. 8 మీటర్ల వెడల్పున్న కప్పు కింద కటాఫ్ వేవ్‌లెంగ్త్ 16 మీటర్లు, ఫ్రీక్వెన్సీలో చెప్తే సుమారు 19 మెగాహెర్ట్జ్. 738 కిలోహెర్ట్జ్ తరంగం పొడవు 406 మీటర్లు, అది అక్కడ ఇమడదు. లోపలికి మీటరుకి మూడు డెసిబెల్స్ పైన పడిపోతుంది. 101.9 మెగాహెర్ట్జ్ తరంగం మూడు మీటర్లు కూడా లేదు, హాయిగా దూరుతుంది. ఇనుప ఊచల కాంక్రీటు ఆదర్శ లోహం కాదు, అండర్‌పాస్ రెండు కొసలా తెరిచే ఉంటుంది కాబట్టి అంకెలు అచ్చంగా ఇలా రావు. కారణం మాత్రం ఇదే.

ఈసీఈ మూడో ఏడు

మళ్లీ ల్యాబ్‌కి వెళ్లి క్లైస్ట్రాన్ ట్యూన్ చేసి ఇంకో రెండు ఫ్రీక్వెన్సీల్లో తీశాను. 8.6 దగ్గర లాంబ్డా-జి 5.38, 9.0 దగ్గర 4.86, 9.4 దగ్గర 4.45 సెం.మీ. మేడం ఇచ్చిన సూత్రం ప్రకారం ఫ్రీక్వెన్సీ వర్గాన్ని అడ్డంగా, 1/(లాంబ్డా-జి)²ని నిలువుగా గ్రాఫ్ గీస్తే మూడు బిందువులూ ఒకే సరళరేఖ మీద పడ్డాయి. వాలు నుంచి కాంతి వేగం సెకనుకి 3.0 × 10⁸ మీటర్లు వచ్చింది. రేఖని కిందికి పొడిగిస్తే అడ్డం గీతని 6.54 గిగాహెర్ట్జ్ వర్గం దగ్గర తాకింది. కటాఫ్ దరిదాపులకి వెళ్లకుండానే కటాఫ్ దొరికింది! పుస్తకంలో విలువ 6.557. ఈ గ్రాఫ్ మా రికార్డ్‌లో లేదు, కలపమని మా సార్‌ని అడుగుతాను.

మైక్రోవేవ్ మేడం

తప్పకుండా కలుపు. మా సెక్షన్ వాళ్లతో కూడా ఈ సెమిస్టర్ నుంచి ఇది గీయిస్తాను. లాంబ్డా-జి ఒక్కసారి కొలిచి సూత్రంలో పెట్టేస్తే కటాఫ్ మనం నమ్మి వేసిన అంకెగా మిగులుతుంది. ఈ గ్రాఫ్‌లో అది కొలిచి తెచ్చిన అంకె.

గేట్ గురి

ఇంకో చిక్కు. గైడ్ నిండా టెఫ్లాన్ నింపితే కటాఫ్ వేవ్‌లెంగ్త్ మారుతుందా? ఒక సాల్వ్‌డ్ పేపర్‌లో మారదని, ఇంకోదాంట్లో రూట్ ఎప్సిలాన్ (ఎప్సిలాన్ అంటే నింపిన పదార్థపు డైఎలక్ట్రిక్ స్థిరాంకం) రెట్లు పెరుగుతుందని ఉంది. కోచింగ్‌లో ఒకే మాట మీద ఎవరూ నిలబడరు.

ఫిల్టర్ డిజైన్

మారదు. వెడల్పు మారలేదు కదా, అడ్డంగా సగం తరంగమే ఇమడాలి. కటాఫ్ వేవ్‌లెంగ్త్ 45.72 మి.మీ. అలాగే ఉంటుంది. తగ్గేది కటాఫ్ ఫ్రీక్వెన్సీ. టెఫ్లాన్ ఎప్సిలాన్-ఆర్ 2.1 అనుకుంటే 6.557ని 1.449తో భాగించాలి, 4.52 గిగాహెర్ట్జ్.

గేట్ గురి

మరి 4.52 గిగాహెర్ట్జ్‌కి బయట గాల్లో తరంగం పొడవు 66 మి.మీ. పైన ఉంది. కటాఫ్ వేవ్‌లెంగ్త్ అంటే పోగలిగిన వాటిలో అతి పొడవైన తరంగం అని నిర్వచనం ఇచ్చారు. అప్పుడు 66 అనే చెప్పాలి కదా?

మైక్రోవేవ్ మేడం

ఏ పదార్థంలో కొలిచిన పొడవో చెప్పకుండా వాదిస్తే తేలదు. టెఫ్లాన్ లోపల కొలిచిన తరంగం అంటే 45.72. అదే ఫ్రీక్వెన్సీ గాల్లో ఎంత పొడవుంటుందంటే 66. పరీక్షలో లాంబ్డా-జి సూత్రం వాడేటప్పుడు రెండు పొడవులూ ఒకే పదార్థానివి కావాలి. పైన టెఫ్లాన్ పొడవు, కింద గాలి పొడవు పెడితే జవాబు పోతుంది. మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే. అనుమానం వస్తే వేవ్‌లెంగ్త్‌లు వదిలేసి ఫ్రీక్వెన్సీల నిష్పత్తితో చేయండి. దానికి ఈ గొడవ లేదు.

ఫైబర్ స్ప్లైసింగ్

మా రంగంలో ఇంకో తిరకాసు ఉంది. సింగిల్ మోడ్ ఫైబర్ డేటా షీట్‌లో కేబుల్ కటాఫ్ వేవ్‌లెంగ్త్ గరిష్ఠంగా 1260 నానోమీటర్లు అని ఉంటుంది. మేం పంపేది 1310, 1550. రెండూ కటాఫ్ కంటే పొడవు. మీ లెక్కన ఏదీ పోకూడదు.

ఫిల్టర్ డిజైన్

ఆ 1260 రెండో మోడ్‌ది, ఎల్‌పీ11ది. అంతకంటే పొడవైన తరంగానికి రెండో మోడ్ నిలవదు, మొదటిది ఒక్కటే మిగులుతుంది. మీకు కావాల్సిందీ అదే. మొదటి మోడ్ ఎల్‌పీ01కి ఆదర్శ స్టెప్ ఇండెక్స్ ఫైబర్‌లో కటాఫ్ లేదు. లోహపు గొట్టంలో మొదటి మోడ్‌కే కటాఫ్ ఉంటుంది. ఎక్స్-బ్యాండ్ గైడ్‌లో టీఈ20 గురించి చెప్పినట్లే అనుకోండి: 22.86 మి.మీ. కంటే పొడవైన తరంగాలు పంపితే టీఈ20 లేవదు, టీఈ10 ఒక్కటే పోతుంది.

ఎంఆర్ఐ సర్వీస్

ఈ కటాఫ్‌ని రోజూ ఆసుపత్రుల్లో చూస్తాను. ఎంఆర్ఐ గది చుట్టూ రాగి కవచం ఉంటుంది, బయటి రేడియో తరంగాలు లోపలికి రాకుండా. 1.5 టెస్లా మెషీన్ వినేది 63.87 మెగాహెర్ట్జ్, 3 టెస్లాది దానికి రెట్టింపు. ఆక్సిజన్ ట్యూబు లోపలికి తేవడానికి గోడలో ఒక లోహపు గొట్టం బిగిస్తారు. అది వేవ్‌గైడే, కటాఫ్ కింద పనిచేసేది. 5 సెం.మీ. వ్యాసం ఉంటే కటాఫ్ 3.5 గిగాహెర్ట్జ్. 20 సెం.మీ. పొడవుంటే నాలుగు వ్యాసాలు, లెక్క ప్రకారం 128 డెసిబెల్స్. పెద్ద కన్నం కళ్ల ముందే తెరిచి ఉన్నా రేడియో లోపలికి రాదు.

ఒకచోట చిత్రాల్లో అడ్డంగా చుక్కల గీతలు వస్తున్నాయని పిలిచారు. చూస్తే ఎవరో ఆ గొట్టంలోంచి మానిటర్ వైరు లోపలికి తెచ్చారు. మేం వైరు తీయగానే గీతలు పోయాయి. గొట్టం అదే, కన్నం అదే. వైరు ఒక్కటి పెడితే ఎందుకంత తేడా అని అక్కడి టెక్నీషియన్ అడిగాడు.

మైక్రోవేవ్ మేడం

వైరు పెట్టగానే అది వేవ్‌గైడ్ కాకుండా పోయింది. చుట్టూ గొట్టం, మధ్యలో తీగ. మీకు కోయాక్సియల్ కేబుల్ తయారైంది. రెండు వాహకాలు ఉంటే టెమ్ మోడ్ (విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు రెండూ తరంగం పోయే దిశకి అడ్డంగానే ఉండేది) పుడుతుంది, దానికి కటాఫ్ అంటూ లేదు, డీసీ నుంచి అన్నీ పోతాయి. బోలు గొట్టంలో వాహకం ఒక్కటే కాబట్టి టెమ్ నిలవదు, అందుకే దానికి కటాఫ్ ఉంది. 128 డెసిబెల్స్ ఒక్క తీగతో పోవడానికి కారణం ఇదే.

ఎంఆర్ఐ సర్వీస్

మరి అక్కడ ఫైబర్ కేబుల్ తెస్తే?

మైక్రోవేవ్ మేడం

తేవచ్చు, లోపల లోహపు తీగ, లోహపు కవచం లేని కేబుల్ అయితే. గాజు డైఎలక్ట్రిక్ కాబట్టి కటాఫ్ ఫ్రీక్వెన్సీ కొంచెం తగ్గుతుంది, అంతే. గొట్టం నిండా స్వచ్ఛమైన నీళ్లు నింపినా, ఎప్సిలాన్-ఆర్ 80 అనుకుంటే, 3.5 గిగాహెర్ట్జ్ కాస్తా 390 మెగాహెర్ట్జ్ అవుతుంది. మీ 3 టెస్లా మెషీన్ ఫ్రీక్వెన్సీకి అది ఇంకా మూడింతలు పైనే ఉంది.

ఎంఆర్ఐ సర్వీస్

సరే మేడం. తర్వాతి విజిట్‌లో ఆ గొట్టం పక్కన "లోహపు తీగలు పెట్టరాదు" అని తెలుగులో స్టిక్కర్ అంటిస్తాను. ఇప్పుడున్నది ఇంగ్లీషులో ఉంది, వార్డు బాయ్‌లు చదవడం లేదు.